ఎడమ చేత్తో ప్రమాణం

రెండేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో మేము కుటుంబ సమేతంగా హవాయి వెళ్ళాం. హోనలూలూ విమానాశ్రయంలో పెట్టెల కోసం ఎదురుచూస్తూ ఉంటే, అప్పటికి పదిహేనేళ్ళున్న మా అబ్బాయి అక్కడ రాసి ఉన్న పేరు చదివి, "నాన్నా, డేనియల్ కె. ఇనోయే అంటే ఎవరు?" అని అడిగాడు. తెలియదని ఒప్పుకోవడం తండ్రులకు అంత తేలిక కాదు కదా! "హవాయి రాజుల్లో ఎవరో అయ్యుంటాడు" అనేశాను. వాడు ఫోన్లో చూసి, "రాజు కాదు నాన్నా, సెనేటర్. అంతకు ముందు ప్రాసిక్యూటర్. దానికంటే ముందు సోల్జర్" అన్నాడు. ఇంతలో పెట్టెలు వచ్చాయి. నేను ఆ సంగతి మరిచిపోయాను. వాడు మరిచిపోలేదు.

వాడి కాలేజీ దరఖాస్తుల సమయంలో ఒక రాత్రి భోజనాల దగ్గర అసలు విషయం బయటపడింది. ఆర్.ఓ.టి.సి. స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తానన్నాడు. మన కాలేజీల్లో ఎన్.సి.సి. ఉండేది కదా, చూడడానికి అలాంటిదే. కాకపోతే ఇక్కడ స్కాలర్‌షిప్ తీసుకుంటే చదువయ్యాక సైన్యంలో ఆఫీసరుగా పనిచేయాలి. ఆ తర్వాత లా చదువుతాడట, ప్రాసిక్యూటర్ అవుతాడట. మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఇంత దూరం వచ్చింది నిన్ను యుద్ధానికి పంపడానికా?" అంది. నేను కంప్యూటర్ సైన్స్ గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. వాడు వినయంగా విని, "ఇనోయే గురించి చదువు నాన్నా, తర్వాత మాట్లాడదాం" అని లేచి వెళ్ళిపోయాడు.

వాడితో వాదించడానికి సరుకు దొరుకుతుందని చదవడం మొదలుపెట్టాను. చదివినదే ఈ సావనీరు పాఠకులతో పంచుకుంటున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాను, ఇరవై ఏళ్ళుగా కోడ్ రాసుకుంటున్నవాణ్ణి. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

అప్పు తీర్చడానికి వచ్చిన తాత

ఈ కథ కూడా మన కథల్లాగే ఒక పల్లెటూళ్ళో మొదలవుతుంది. జపాన్‌లోని ఫుకువోకా ప్రాంతంలో ఒక ఊళ్ళో ఇనోయే వాళ్ళ ఇంట్లో మంటలు లేచి పక్క ఇళ్ళు కూడా కాలిపోయాయి. ఆ నష్టం కట్టివ్వడం ఆ కుటుంబం మీద పడింది. అది 400 డాలర్ల అప్పు. పంట భూమి మీద తీరే అప్పు కాదు. అందుకని 1899లో అసాకిచీ అనే ఆయన భార్యనూ, నాలుగేళ్ళ కొడుకు హ్యోతారోనూ వెంటబెట్టుకుని హవాయి చెరుకు తోటల్లో కూలికి వచ్చాడు. అప్పు తీరగానే తిరిగి వెళ్ళిపోదామనుకున్నాడు. అది తీరడానికి దశాబ్దాలు పట్టింది. అప్పటికి వాళ్ళ వేళ్ళు ఈ నేలలో దిగిపోయాయి. "ఇంకో ఐదేళ్ళు, ఆ తర్వాత వెళ్ళిపోదాం" అనే మాట మనలో ఎంతమంది అనలేదు చెప్పండి!

హ్యోతారో పెద్దవాడై హోనలూలూలో ఒక నగల దుకాణంలో గుమాస్తాగా చేరాడు. ఆయన పెద్ద కొడుకే డేనియల్. పుట్టింది 1924 సెప్టెంబరు 7న. అమెరికా గడ్డ మీద పుట్టాడు కనుక డేనియల్ పౌరుడు. తండ్రి, తాత మాత్రం కాలేరు. తెల్లవారూ, ఆఫ్రికన్ సంతతివారూ తప్ప ఆసియా నుంచి వచ్చినవారు పౌరసత్వం పొందే వీలు అప్పటి చట్టంలో లేదు. హవాయిలోనే ఉండే తకావో ఒజావా అనే జపనీయుడు సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 1922లో ఓడిపోయాడు. మరుసటి సంవత్సరమే, 1923లో, అదే కోర్టు మన పంజాబీ భగత్ సింగ్ థింద్‌కి కూడా కాదని చెప్పింది. థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనిక దుస్తులు వేసుకున్నవాడు. అయినా సరిపోలేదు. 1935లో ఆ యుద్ధంలో పనిచేసిన ఆసియావారి కోసం ప్రత్యేక చట్టం వచ్చాక, 1936లో ఆయనకు పౌరసత్వం దక్కింది. ఆ పౌరసత్వపు దరఖాస్తుల కాగితాలు నింపి, ఫీజు కట్టి, వంద ప్రశ్నలు బట్టీపట్టిన నాలాంటివారు ఒకసారి తలుచుకోవలసిన పేర్లివి.

డిసెంబరు 7 తర్వాత

1941 డిసెంబరు 7 ఆదివారం ఉదయం జపాన్ విమానాలు పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేశాయి. డేనియల్‌కి పదిహేడేళ్ళు. హైస్కూల్ ఆఖరు సంవత్సరం. రెడ్ క్రాస్ వారి దగ్గర ప్రథమ చికిత్స నేర్చుకుని ఉన్నాడు కనుక వెంటనే వెళ్ళి గాయపడినవారికి సేవ చేయడంలో పడ్డాడు. డాక్టరు కావాలని ఆ కుర్రవాడి కోరిక.

ఆ బాంబులు వేసినవారి ముఖాలు తన ముఖంలాగే ఉన్నాయన్నదే అతని కష్టం. 1942లో జపనీస్ అమెరికన్ యువకులందరినీ 4-సి అనే తరగతిలో పెట్టారు. అది శత్రుదేశస్థులకిచ్చే తరగతి. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకం చేసిన 9066 నంబరు ఉత్తర్వుతో పశ్చిమ తీరంలో ఉన్నవారిని ఇళ్ళూ దుకాణాలూ వదిలించి శిబిరాల్లో పెట్టారు. మొత్తం సుమారు 1,20,000 మంది. అందులో మూడింట రెండు వంతులు పుట్టుకతో అమెరికా పౌరులు. హవాయిలో మాత్రం అంత పని చేయలేకపోయారు. అక్కడి జనాభాలో మూడో వంతుకు పైగా జపనీయులే. వాళ్ళందరినీ బంధిస్తే తోటల్లో, రేవుల్లో పనిచేసేవాళ్ళుండరు. అయినా మత పెద్దలను, జపనీస్ భాషా బడుల పంతుళ్ళను పట్టుకుపోయారు. భాషా బడుల పంతుళ్ళను! ఆదివారాలు పిల్లలకు అ, ఆలు నేర్పే మన మనబడి టీచర్లు గుర్తుకొచ్చి నాకు ఆ వాక్యం దగ్గర చదువు ఆగిపోయింది.

1943లో ప్రభుత్వం మనసు మార్చుకుని, జపనీస్ అమెరికన్లతో ప్రత్యేక దళం పెడతామనీ, హవాయి నుంచి 1,500 మంది కావాలనీ అడిగింది. సుమారు 10,000 మంది ముందుకు వచ్చారు. డేనియల్ అప్పటికి యూనివర్సిటీలో వైద్య విద్యకు ముందు చదివే కోర్సులో ఉన్నాడు. దాన్ని వదిలేసి చేరాడు. సాగనంపడానికి వచ్చిన తండ్రి దారిలో చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. చివరికి, ఈ దేశం మనకు మేలు చేసింది, ప్రాణం ఇవ్వవలసి వస్తే గౌరవంగా ఇవ్వు, కుటుంబానికి తలవంపులు తేవద్దు అన్న అర్థంలో నాలుగు మాటలు చెప్పాడట. ఆ దేశం ఆ తండ్రిని తన పౌరుడిగా ఒప్పుకోవడం లేదు. ఆయన మాత్రం తన పెద్ద కొడుకును ఇచ్చాడు. దేశం అంత మేలు ఏం చేసిందని నేను రెండు రోజులు ఆలోచించాను. నాకు సరిగ్గా జవాబు దొరకలేదు.

ఇటలీ కొండల మీద

ఆ దళం పేరు 442వ రెజిమెంటల్ కంబాట్ టీమ్. ఇటలీలో, ఫ్రాన్స్‌లో పోరాడింది. 1944 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లో శత్రువుల మధ్య చిక్కుకున్న టెక్సాస్ బెటాలియన్‌లోని 211 మందిని రక్షించడానికి ఈ దళంలో సుమారు 800 మంది మరణించడమో గాయపడడమో జరిగింది. అమెరికా సైన్యంలో ఆ పరిమాణంలో ఉన్న దళాల్లో అంతకంటే ఎక్కువ పతకాలు పొందినది లేదంటారు. అదే ఇటలీ యుద్ధంలో మన భారత సైన్యం 4, 8, 10వ డివిజన్లు కూడా పోరాడాయి. మా అమ్మమ్మగారి ఊరు తాడేపల్లిగూడెం దగ్గర. ఆ పక్కనే ఉన్న మాధవరాన్ని మిలటరీ మాధవరం అని పిలవడం చిన్నప్పటి నుంచీ వింటున్నాను. రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపిన ఊరది. "మన ఇళ్ళల్లో మిలటరీకి ఎవరు వెళ్ళారు?" అని మా అబ్బాయిని అడిగే ముందు నేను ఆ ఊరిని తలుచుకోవలసింది.

ఇనోయే చొక్కా జేబులో రెండు వెండి డాలర్లు ఉండేవి. ఒకసారి గుండెకు తగలవలసిన గుండు వాటికి తగిలి ఆగింది. అప్పటి నుంచి తాయెత్తులాగా దాచుకున్నాడు. 1945 ఏప్రిల్ 21కి ముందు అవి ఎక్కడో పోయాయి. ఆ రోజు టస్కనీలో కొల్లె ముసటెల్లో అనే గుట్ట మీద మూడు జర్మన్ మెషీన్ గన్లు వీళ్ళను ముందుకు కదలనివ్వలేదు. ఇరవై ఏళ్ళ లెఫ్టినెంట్ ఇనోయే పొట్టలో గుండు దిగినా ఆగకుండా వెళ్ళి రెండింటిని నాశనం చేశాడు. మూడోదాని మీదికి గ్రెనేడ్ విసరబోతుండగా శత్రువు పేల్చింది తగిలి కుడి చెయ్యి మోచేతి దగ్గర తెగి వేలాడింది. పిన్ను తీసిన గ్రెనేడ్ ఆ పిడికిట్లోనే ఉండిపోయింది. సాయానికి రాబోయిన తన మనుషులను దూరంగా ఉండమని అరిచి, ఎడమ చేత్తో దాన్ని ఊడలాక్కుని విసిరాడు. ఆ తర్వాత కాలికి కూడా గుండు తగిలి పడిపోయే వరకూ ఎడమ చేత్తో తుపాకీ పేలుస్తూనే ఉన్నాడు. ఇంకో పదకొండు రోజులకు, మే 2న, ఇటలీలో జర్మన్ సైన్యం లొంగిపోయింది.

కుడి చెయ్యి తీసేశారు. సర్జను కావాలన్న కల అక్కడితో సరి. ఇంటికి వస్తూ శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్షవరానికని ఒక షాపులోకి వెళ్ళాడు. ఒంటి మీద కెప్టెన్ దుస్తులు, పతకాలు, చెయ్యి ఉండవలసిన చోట ఇనుప కొక్కెం. ఆ మంగలి జపనీయులకు ఇక్కడ క్షవరం చేయమని చెప్పి పంపేశాడు. ఇనోయే మాట పెంచకుండా బయటికి వచ్చేశాడు.

ఆసుపత్రిలో ముగ్గురు

మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్ సైనిక ఆసుపత్రిలో ఒకే కాలంలో ముగ్గురు చికిత్స పొందారు. ఇనోయే, కాన్సస్ కుర్రవాడు బాబ్ డోల్, ఫిలిప్ హార్ట్. ముగ్గురూ తర్వాత సెనేటర్లయ్యారు. ఆ భవనానికి 2003లో ఆ ముగ్గురి పేర్లూ పెట్టారు. డోల్‌ది కూడా కుడి చెయ్యే, పనికిరాకుండా పోయింది. ముందు లా చదివి, కౌంటీ అటార్నీ అయి, శాసనసభకు వెళ్ళి, అక్కడి నుంచి కాంగ్రెస్‌కు వెళ్ళాలని డోల్ ఆలోచన. ఇనోయే ఆ దారి నచ్చి తనూ పట్టుకున్నాడు. డోల్ రిపబ్లికన్, ఇనోయే డెమొక్రాట్. కాంగ్రెస్‌కు మాత్రం డోల్ కంటే ఇనోయేనే ముందు చేరాడు. ఆ మాట చెప్పి డోల్‌ను చాలా ఏళ్ళు ఆటపట్టించేవారట.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన ఊళ్ళల్లో పి.పి. గారంటే ప్రభుత్వం నియమించిన ఒక లాయరు. ఇక్కడ చాలాచోట్ల ఆ పదవికి ఎన్నికలు జరుగుతాయి. ఎన్నిక లేని చోట కూడా అది రాజకీయాలకు మొదటి మెట్టు లాంటిది. ప్రభుత్వం తరఫున, అంటే ప్రజలందరి తరఫున, కోర్టులో నిలబడి మాట్లాడే ఉద్యోగం అది. నిన్నటి దాకా శత్రువుగా లెక్కకట్టినవాడు ఈ రోజు ప్రజల తరఫున నిలబడి మాట్లాడుతున్నాడంటే, ఆ మార్పు సామాన్యమైనది కాదు.

యుద్ధం నుంచి వచ్చినవారి చదువు కోసం ఉద్దేశించిన జి.ఐ. బిల్లు సాయంతో ఇనోయే హవాయి యూనివర్సిటీలో డిగ్రీ, వాషింగ్టన్‌లోని జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో లా పూర్తి చేశారు. 1949లో పెళ్ళయింది. ఆయన చదువుకుంటుంటే భార్య మార్గరెట్ ఉద్యోగం చేసి ఇల్లు నడిపింది. ఈ భాగం మన హెచ్4 సోదరీమణులకూ, వారి భర్తలకూ కొత్త కాదు. 1953లో హోనలూలూలో డిప్యూటీ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా చేరారు. అప్పటికే అదే ఆఫీసులో స్పార్క్ మత్సునాగా ఉన్నారు. ఆయనదీ ఇదే కథ. ఇటలీలో గాయపడి, హార్వర్డ్‌లో లా చదివి వచ్చినవాడు.

1954 ఎన్నికలు

అప్పటికి హవాయి ఇంకా రాష్ట్రం కాదు, టెరిటరీ. చెరుకు తోటలూ, ఓడలూ, బ్యాంకులూ అన్నీ 'బిగ్ ఫైవ్' అని పిలిచే ఐదు కంపెనీల చేతుల్లో ఉండేవి. శాసనసభ అర్ధ శతాబ్దంగా దాదాపు ఎప్పుడూ రిపబ్లికన్లదే. జాన్ బర్న్స్ అనే మాజీ పోలీసు అధికారి 442 దళం కుర్రవాళ్ళను, కార్మిక సంఘాలను ఒకచోటికి చేర్చి డెమొక్రటిక్ పార్టీని అడుగు నుంచి కట్టుకుంటూ వచ్చాడు. ఒక్కో పేటలో, ఒక్కో ఇంటికీ వెళ్ళి చేసిన పని అది. దానికి తోడు 1952లో వచ్చిన చట్టంతో మొదటి తరం జపనీయులకు తొలిసారి పౌరసత్వం తీసుకునే వీలు కలిగింది. యాభై ఏళ్ళు ఇక్కడ బతికి, తలలు పండాక, మొట్టమొదటిసారి ఓటు వేసిన తల్లిదండ్రులను ఊహించుకోండి.

ఎదుటివాళ్ళు వాడిన ఆయుధం కమ్యూనిస్టు ముద్ర. ఆ ముందు ఏడాదే, 1953లో, హవాయిలో ఏడుగురిని కమ్యూనిస్టు కుట్ర కింద కోర్టు దోషులని తేల్చింది. (1958లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది.) ప్రచారంలో ఒక సభలో ఈ నింద వచ్చినప్పుడు ఇనోయే రాసి తెచ్చుకున్న ప్రసంగం పక్కన పడేశారు. ఖాళీగా వేలాడే చొక్కా చేతిని చూపించి, ఫాసిస్టులతో పోరాడడానికి ఈ చెయ్యి ఇచ్చాననీ, కమ్యూనిస్టులతో పోరాడడానికి దేశం అడిగితే రెండోది కూడా ఇస్తాననీ అన్నారు. తన ఆత్మకథలో ఆయనే ఈ సంగతి చెప్పుకున్నారు.

మొదటిసారి చదివినప్పుడు నాకు మన సినిమాలో ఇంటర్వెల్ సీనులా అనిపించింది. రెండోసారి చదివినప్పుడు బాధ కలిగింది. చెయ్యి పోగొట్టుకుని తొమ్మిదేళ్ళయినా, కోర్టులో ప్రజల తరఫున నిలబడుతున్నా, "నువ్వు మావాడివేనా?" అన్న ప్రశ్న పోలేదు. జవాబుగా ఒంటి మీద గాయం చూపించవలసి వచ్చింది. చూపించడానికి గాయం లేనివాడి సంగతేమిటి?

1954 నవంబరులో డెమొక్రాట్లు రెండు సభల్లోనూ గెలిచారు. ఇనోయే, మత్సునాగా ఇద్దరూ దిగువ సభకు ఎన్నికయ్యారు. ఇనోయే అక్కడ తన పార్టీ నాయకుడయ్యారు. చరిత్రకారులు దీన్ని హవాయి డెమొక్రటిక్ విప్లవం అంటారు. ఒక్క ఖాళీ చొక్కా చెయ్యి వల్ల వచ్చిన గెలుపు కాదది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు ఇళ్ళ తలుపులు తట్టినవాళ్ళ వల్ల వచ్చింది.

వాషింగ్టన్‌లో

1959 ఆగస్టు 21న హవాయి 50వ రాష్ట్రమైంది. మూడు రోజుల తర్వాత ఇనోయే ప్రతినిధుల సభలో ప్రమాణం చేశారు. కుడి చెయ్యి ఎత్తి తన వెంట చెప్పమన్నారు స్పీకర్ శామ్ రేబర్న్. ఇనోయే ఎడమ చెయ్యి ఎత్తారు. సభ నిశ్శబ్దమైపోయిందని అక్కడున్న సభ్యుడొకరు తర్వాత రికార్డులకు ఎక్కించారు. అంతకు మూడేళ్ళ ముందు, 1956లో, మన దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియా నుంచి గెలిచి ఆ సభకు వెళ్ళి ఉన్నారు. జపనీస్ సంతతి నుంచి మొదటివారు ఇనోయే. 1962లో హవాయిలో బాగా పేరున్న డిల్లింగ్‌హామ్ కుటుంబ వారసుణ్ణి ఓడించి సెనేట్‌కు వెళ్ళారు. చనిపోయేవరకూ, యాభై ఏళ్ళు, అక్కడే ఉన్నారు.

1973లో వాటర్‌గేట్ విచారణ సంఘంలో ఆయన సభ్యులు. అప్పుడు నిక్సన్ మనుషుల తరఫు లాయరొకాయన ఆయన్ను జాతి పేరుతో తూలనాడాడు. దేశమంతా టీవీలో చూస్తున్న మనిషికి కూడా అది తప్పలేదు. శిబిరాల్లో పెట్టినవారికి న్యాయం జరగాలని విచారణ సంఘం కోసం కృషి చేసినవారిలో ఇనోయే, మత్సునాగా ఉన్నారు. 1988లో వచ్చిన చట్టం ద్వారా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికి ఉన్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది. 2000 జూన్‌లో అధ్యక్షుడు క్లింటన్ ఇనోయేతో సహా 22 మంది ఆసియా సంతతి సైనికులకు మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. అంటే గుట్ట మీద చేసిన పనికి తగిన పతకం 55 ఏళ్ళ తర్వాత వచ్చింది.

ఆయన దేవుడేమీ కాదు. సొంత రాష్ట్రానికి నిధులు మళ్ళించుకోవడంలో దిట్ట అని విమర్శ ఉండేది. 1992 ఎన్నికల్లో ఒక మహిళ ఆయన తనతో అనుచితంగా ప్రవర్తించారని ఆరోపించింది. ఆయన కాదన్నారు. పెద్దవారి గురించి రాసేటప్పుడు ఇలాంటివి దాచిపెట్టడం మన సావనీర్లకు అలవాటే గానీ, మా అబ్బాయికి అలా చెబితే నమ్మడు. 2012 డిసెంబరు 17న 88 ఏళ్ళ వయసులో ఇనోయే కన్నుమూశారు. 2017లో ఆ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు.

మన సంగతి

ఆ 2017 ఫిబ్రవరిలోనే కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతేలో, పని ముగించుకుని స్నేహితుడితో బారులో కూర్చున్న మన తెలుగు ఇంజనీరును ఒకడు ఈ దేశం వదిలిపొమ్మని అరిచి కాల్చి చంపాడు. ఆ వారం మనలో చాలామందికి నిద్ర పట్టలేదు. బయట తెలుగులో గట్టిగా మాట్లాడవద్దని ఇంట్లో పిల్లలకు చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ హంతకుణ్ణి కోర్టులో నిలబెట్టి 2018లో యావజ్జీవ శిక్ష వేయించింది ప్రాసిక్యూటర్లే. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోవాలో తేల్చేది ఆ కౌంటీలో ఓటు వేసేవాళ్ళు.

అందుకే నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకుంటున్నాను. 2019లో నాకు పౌరసత్వం వచ్చింది. ఫోటోలు దిగాం, స్వీట్లు పంచాం. ఆ తర్వాత వచ్చిన స్థానిక ఎన్నికల్లో బ్యాలెట్ మీద డిస్ట్రిక్ట్ అటార్నీ, స్కూల్ బోర్డు పేర్లు చూస్తే ఒక్కటీ తెలియదు. పక్కన పడేశాను. అసాకిచీ తాతకు దశాబ్దాల పాటు దొరకని కాగితం నా వంటింటి బల్ల మీద కరివేపాకు కవరు కింద వారం రోజులు పడి ఉంది. కిందటి ఎన్నికల్లో మాత్రం పోలింగ్ కేంద్రంలో వాలంటీరుగా పనిచేశాను. పెద్ద ఘనకార్యం కాదు, రోజంతా నిలబడితే కాళ్ళు నొప్పెట్టాయి. మనవాళ్ళు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టాను. ఒక చేతి వేళ్ళు సరిపోయాయి. హైదరాబాదులో పుట్టి, సివిల్ ఇంజనీరుగా పనిచేసిన అరుణా మిల్లర్ 2022 ఎన్నికల్లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచినప్పుడు మనమందరం వాట్సాప్‌లో చప్పట్లు కొట్టాం. చప్పట్లతో పాటు మన ఊరి బ్యాలెట్ మీద పేర్లు కూడా తెలుసుకుంటే బాగుంటుంది.

మా అబ్బాయి విషయం ఏమైందని మీరు అడుగుతారు. వాదించడానికి సరుకు దొరకలేదు. వాళ్ళమ్మకు భయం పోలేదు, నాకూ పోలేదు. గాయం చూపించకుండానే ఈ దేశం మా వాణ్ణి తనవాడని అనుకోవాలని నా కోరిక. అది నా ఒక్కడి చేతిలో లేదు. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ రోజు నేనే కారు నడిపి తీసుకెళ్ళాను. దారి పొడుగునా హ్యోతారో గారి లాంటి మాట ఒకటి చెప్పాలని చూశాను. ఏదీ రాలేదు. దిగేటప్పుడు "కాలరు సరిచేసుకో, నిదానంగా మాట్లాడు" అన్నాను. వాడు నవ్వి, "సరే నాన్నా" అని లోపలికి వెళ్ళాడు.